గోడ మీది నడుం బెల్టు

“నాకేం కాలేదర్రా. కాస్త పడుకోనివ్వండి,” అంది తల్లి మళ్ళీ.

ఆ మాట నిజమైతే ఎంత బాగుండేదో. అక్క అప్పటికే దుప్పటి లాగేసి, తల్లి పాదం మీద గోటితో గీరుతోంది. పాదం కదల్లేదు. తల్లి ముఖంలో ఏ మార్పూ లేదు.

“తెలిసిందా?”

“ఏది?”

“ఇప్పుడు నీ కాలు గీరానమ్మా.”

తల్లి చూపు పైకప్పు మీదికి తిప్పుకుంది. “మెల్లగా గీరుంటావు,” అంది.

కొడుకు, పాస్టరు, గుమ్మంలోంచి అదంతా చూస్తున్నాడు. తెల్లచొక్కా బొత్తాలు సగం పెట్టుకుని, మిగతా సగం మర్చిపోయి నిలబడ్డాడతను. అక్క మెల్లగా గీరే మనిషి కాదు. చిన్నప్పుడు ఆమె తల దువ్విందంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి.

గోడకి అవతల ప్రార్థన మందిరంలో చాపలు పరుస్తున్నారు. ఎవరో మైకులో “హలో, హలో” అంటున్నారు. పాస్టరు ఇల్లంటే మందిరం వెనక కట్టిన రెండు గదులే. వీధిలోకి వెళ్ళాలంటే మందిరం వాకిలి దాటాల్సిందే. ఆ వాకిట్లో చెప్పులు గుట్టలు పడుతున్నాయి. ఇంత జనం ఈ మధ్యకాలంలో ఎప్పుడూ రాలేదు. వాళ్ళెవరూ పాస్టరు ప్రసంగం కోసం రాలేదు. ఏళ్ళ తరబడి నడుం వంగిపోయిన ఇస్త్రీ అమ్మ పోయిన శనివారం స్వస్థత ప్రార్థనలో నిటారుగా లేచి నిలబడిందట. ఆవిడని కళ్ళారా చూసిపోదామని వచ్చారు.

ఆ ఇస్త్రీ అమ్మే, పాస్టరు తల్లే, ఇప్పుడు మంచం దిగలేకపోతోంది.

“మీ బావ వ్యాను తీసుకుని బయల్దేరాడు,” అంది అక్క, కొంగు నడుములో దోపుకుంటూ. “డాక్టరుతో మాట్లాడాను. వెన్నులో నరం నలిగిపోతోందట. కాళ్ళకి స్పర్శ పోయిందంటే ఇక ఆలస్యం పనికిరాదన్నాడు. ఇప్పుడు తీసుకెళ్తే కాళ్ళు దక్కొచ్చు. సాయంత్రమైతే నేనేం చెప్పలేనన్నాడు.”

“డాక్టర్లు అలాగే భయపెడతారు,” అంది తల్లి.

“నువ్వు మాట్లాడకు.”

“నా నడుం గురించి నేను మాట్లాడకూడదుటే?”

“పోయిన వారం అందరూ నీ నడుం గురించి మాట్లాడారు చూడు, అప్పుడు మాట్లాడాల్సింది.”

తల్లి ముఖం గోడ వైపు తిప్పుకుంది. పాస్టరు మిగిలిన బొత్తాలు పెట్టుకోబోయాడు. పై బొత్తం దగ్గర వదిలేశాడు.

“కూర్చోబెట్టకూడదట,” అక్క చెప్పుకుపోతోంది. “కదిలించే ముందు నడుం బెల్టు బిగించాలి. బిగించి, పలక మీద కదలకుండా పడుకోబెట్టి తీసుకురమ్మన్నాడు. ఇస్త్రీ బల్ల పలక ఊడదీస్తే సరిపోతుంది. బెల్టెక్కడ?”

అక్క మంచం కిందికి వంగి చూసింది.

“అదేనర్రా, చువ్వలు పెట్టి కుట్టిన బెల్టు. నేను కొనిచ్చిందే. బీరువాలో పెట్టారా?”

పాస్టరు భార్య తలుపు పక్కన నిలబడి కొంగు వేలికి చుట్టుకుంటోంది. భర్త వైపు చూసింది. అతను నేల వైపు చూశాడు. ఇక తప్పదని ఆమే చెప్పింది.

“మందిరంలో ఉంది వదినా. గోడకి.”

అక్కకి అది అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. ఆ సంఘంలో అదొక ఆచారం. స్వస్థత పొందినవాళ్ళు తమ చేతికర్రో, కట్టో మందిరానికి ఇచ్చేస్తారు. ప్రసంగ బల్ల వెనక గోడకి మేకు కొట్టి దాన్ని తగిలిస్తారు. తండ్రి పాస్టరుగా ఉన్న రోజుల్లో తగిలించినవి దుమ్ముపట్టి ఇంకా అక్కడే ఉన్నాయి. ఆయన పోయి, సంఘం కొడుకు చేతికి వచ్చాక ఆ గోడ మీద ఒక్క మేకూ పడలేదు. పోయిన శనివారం పడింది. సంఘ పెద్ద, రంపపు మిల్లు ఆసామి, శనివారం విశ్రాంతి దినం, ఆ రోజు సుత్తి పట్టకూడదని అందరికీ చెప్పే మనిషి, ఆ సంతోషంలో సుత్తి తెప్పించి తనే టకటకా కొట్టేశాడు.

“అయితే వెళ్ళి తీసుకురా,” అంది అక్క తమ్ముడితో.

దండెం మీది తువ్వాలు తెమ్మన్నంత తేలిగ్గా అంది.

“అందరూ కూర్చుని ఉన్నారక్కా.”

“ఉంటే?”

“వాళ్ళ ముందు ఆ బెల్టు తీస్తే...”

“చిన్నోడా,” మంచం మీంచి తల్లి పిలిచింది. ఇన్ని బాధ్యతలు మీద పడ్డా ఇంట్లో అతను చిన్నోడే. “నువ్వెళ్ళి ఆరాధన మొదలుపెట్టు నాయనా. అమ్మకి కాస్త నలతగా ఉందని చెప్పు. పొద్దుగూకి అందరూ వెళ్ళిపోయాక మెల్లగా తీసుకెళ్దురుగాని. ఇన్నాళ్ళు ఆగిన నడుం ఈ పూట ఆగదా?”

సిగ్గుపడాల్సిన సంగతేమిటంటే, ఆ మాట వినగానే పాస్టరుకి ప్రాణం లేచొచ్చింది. ఒక్క పూటే కదా అనుకున్నాడు. డాక్టరు “ఏం చెప్పలేను” అన్నాడు కానీ “కాళ్ళు పోతాయి” అనలేదు కదా అని కూడా అనుకున్నాడు. మనసుకి అలాంటి సన్నాయి నొక్కులు బాగా వచ్చు.

అక్క అతని ముఖం చూసి అంతా చదివేసింది. నోరు తెరవబోయేంతలో గుమ్మం అవతల దగ్గు వినిపించింది.

“పాస్టరుగారూ, వందనాలండీ!”

రంపపు మిల్లు పెద్దాయన. జీవితమంతా రంపం మోతలో మాట్లాడి మాట్లాడి, గుసగుస కూడా కేకలా చెప్పడం ఆయనకి అలవాటైపోయింది.

“జనం కిటకిటలాడిపోతున్నారండీ! అమ్మగారికి ముందు వరసలో కుర్చీ వేయించాం. పాట అయిపోగానే ఆవిడ లేచి నిలబడి రెండు మాటలు సాక్ష్యం చెబితే చాలు. ఎక్కడెక్కడినుంచో రోగులొచ్చారు. అమ్మగారు సిద్ధమేనా?”

పాస్టరు అడ్డంగా నిలబడ్డాడు. ఆయన అతని భుజం మీంచి తొంగిచూశాడు.

“అదేంటి, పడుకునున్నారు?”

గదిలో ముగ్గురూ బిగుసుకుపోయారు. మంచం మీంచి గొంతు మాత్రం హుషారుగా వచ్చింది.

“విశ్రాంతి దినం కదయ్యా! విశ్రాంతి తీసుకుంటున్నాను.”

పెద్దాయన పకపకా నవ్వాడు. “బాగా చెప్పారమ్మా! ఈ మాట సాక్ష్యంలో కూడా చెప్పాలి మీరు,” అంటూ వెళ్ళిపోయాడు. ఆయన నవ్వు వాకిలి దాటేదాకా వినిపిస్తూనే ఉంది.

ఆ నవ్వు ఆగాక చూస్తే తల్లి పెదవి పళ్ళ మధ్య ఉంది. నుదుటి మీద చెమట పోసింది. పాస్టరు భార్య గబగబా వెళ్ళి కొంగుతో తుడిచింది.

“వారం నుంచీ ఇంతే వదినా,” అంది ఆమె. “రోజూ ఎవరో ఒకరు చూడ్డానికి వస్తూనే ఉన్నారు. వాళ్ళు వాకిట్లోకి రాగానే అత్తయ్య బల్ల పట్టుకుని నిటారుగా నిలబడేది. వాళ్ళ ఎదుటే చొక్కాలు ఇస్త్రీ చేసి చూపించేది. ‘చూశారా, ఇసుమంత కూడా వంగలేదు’ అని వాళ్ళు మురిసిపోతూ వెళ్ళేవాళ్ళు. వెళ్ళాక గుడ్డ ముక్క నోట్లో కుక్కుకుని ఆ బల్ల కిందే పడుకునేది. మాత్ర వేసుకోండి అత్తయ్యా అంటే, బాగుపడ్డదానికి మాత్రేంటే, వేసుకుంటే నా సాక్ష్యం అబద్ధమైపోదూ అనేది.”

“నీకు తెలిసి ఊరుకున్నావా?” అక్క గుడ్లురిమింది.

“ఎవరికి చెప్పను వదినా? వీరికి చెప్పాను. విశ్వాసంతో కనిపెట్టుకుందాం, దేవుడే చూస్తాడు అన్నారు.”

ఆ “వీరు” ఎవరో వేరే చెప్పక్కర్లేదు. అక్క తమ్ముడి వైపు తిరిగింది. తిడుతుందనుకున్నాడు. ఆమె తిట్టకుండా మెల్లగా అడిగింది. అదే అతనికి ఎక్కువ నొప్పి పెట్టింది.

“ఒరేయ్, ఒక్క మాట నిజం చెప్పు. ఆ రోజు నువ్వు అమ్మ నడుం మీద చెయ్యి వేశావు కదా. తగ్గిందని నీకు నిజంగా అనిపించిందా?”

ఆ ప్రశ్న ఈ వారమంతా అతని వెంట తిరుగుతూనే ఉంది. స్నానం చేస్తున్నా, అన్నం కలుపుకుంటున్నా, ప్రసంగం రాసుకుంటున్నా అదే. ఇంతవరకూ మనిషి నోట వినలేదు కాబట్టి తప్పించుకోగలిగాడు.

“అమ్మ నా చెవిలో చెప్పింది,” అన్నాడు.

“ఏమని?”

“చిన్నోడా, నువ్వు గట్టిగా ప్రార్థన చెయ్యి, నేను నిలబడతాను అని.”

తల్లి గట్టిగా కళ్ళు మూసుకుంది.

“నా చేతికింద వెన్ను వణికిపోతోందక్కా. ఎముక మీద ఎముక ఎక్కినట్టు తెలుస్తూనే ఉంది. నాకు తెలుసు. తెలిసి ఇంకా గట్టిగా అరిచాను. జనం చప్పట్లు కొడుతుంటే అదే నిజమేమో అనిపించింది. నాన్న పోయాక మొదటిసారి ఎవరూ మధ్యలో లేచి వెళ్ళలేదు.”

అక్క మంచం అంచున కూలబడి తల్లి చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది. ఆ చేతిమీద ఇస్త్రీ పెట్టె కాల్చిన మచ్చలు పాతవీ కొత్తవీ కలిసిపోయి ఉన్నాయి.

“ఆ రోజు నువ్వు చెప్పిన ప్రసంగం నేనూ విన్నానురా,” అంది. “నడుం వంగిపోయిన ఆడమనిషిని ప్రభువు విశ్రాంతి దినాన దగ్గరికి పిలిచాడన్నావు. ఎందుకు పిలిచాడు? కట్లు విప్పడానికి. గొడ్డునైనా కట్టు విప్పి నీళ్ళకి తోలుకెళ్తారే, ఈవిణ్ణి విప్పకూడదా అని అక్కడి పెద్దల్ని నిలదీశాడు. ఆ నోటితో అదంతా చెప్పి, కిందికి దిగొచ్చి నువ్వు చేసిందేంటి? అమ్మని విప్పావా? కట్టేశావురా. చువ్వల బెల్టు తీసేసి, అంతకన్నా గట్టి బెల్టు బిగించావు. అది కట్టుకుని వారమంతా నిలబడింది పిచ్చిది.”

“వాణ్ణేం అనకే,” అంది తల్లి కళ్ళు తెరవకుండానే. “వాడేం అబద్ధమాడలేదు. ఆడింది నేను. నా సంగతి నేను ప్రభువుతో చెప్పుకుంటాను.”

“ఎందుకమ్మా?” పాస్టరు మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తెల్లప్యాంటు మాసిపోతుందని భార్య చెప్పబోయి ఊరుకుంది. “నేను అడిగానా నిన్ను?”

“బిడ్డ అడిగేదాకా ఆగే తల్లి ఎవరురా?” అంది ఆవిడ. “మీ నాన్న నిలబడ్డ చోట నువ్వు నిలబడి మాట్లాడుతుంటే, జనం ఒక్కొక్కరే లేచి చెప్పులు వెతుక్కుంటూ వెళ్ళిపోయేవాళ్ళు. నువ్వు పుస్తకంలోంచి తల ఎత్తేవాడివి కాదు. వెనక వరసలో కూర్చుని నేను చూసేదాన్ని. నా నడుం నొప్పి ఏపాటిది దాని ముందు? ఒక్క నిమిషం నిలబడితే చాలనుకున్నాను. ఆ తర్వాత రోజూ నిలబడమంటారని నాకేం తెలుసు?”

పాస్టరు ఏడ్చాడు. సంఘంలో ఎందరి చావుల దగ్గరో ధైర్యం చెప్పిన మనిషి, వెక్కి వెక్కి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తల్లి చెయ్యి ఎత్తి అతని తల నిమరబోయింది. చెయ్యి సగంలోనే ఆగి దుప్పటి మీద పడింది.

“నీకేం కావాలో చెప్పమ్మా,” అన్నాడు. “మా కోసం కాదు. సంఘం కోసం కాదు. నీకు.”

ఆ ప్రశ్న ఆవిణ్ణి ఇంతకుముందెవరూ అడిగినట్టు లేదు. శుక్రవారం పొద్దుగూకేసరికి ఇస్త్రీ పెట్టె తీగ పీకేసి, మర్నాడు పొద్దుగూకేదాకా దాని వైపు చూడని మనిషి ఆవిడ. విశ్రాంతి దినాన్ని ఆవిడంత నిష్ఠగా పాటించినవాళ్ళు ఆ సంఘంలో లేరు. విశ్రాంతి మాత్రం ఆవిడకి ఎప్పుడు దొరికిందో దేవుడికే తెలియాలి.

“ఒక్క రోజు వంగి ఉండాలనుంది నాయనా,” అంది. “ఎవరూ చూడకుండా కాదు. అందరూ చూస్తున్నా సరే, సిగ్గు లేకుండా, నా నడుం ఎలా ఉందో అలా వంగి ఉండాలనుంది.”

గోడకి అవతల పాట మొదలైంది. వాకిట్లో వ్యాను ఆగిన చప్పుడైంది.

పాస్టరు లేచాడు. కళ్ళు తుడుచుకోలేదు. చొక్కాకి పై బొత్తం పెట్టుకోలేదు. భార్య అందించబోయిన పుస్తకం తీసుకోలేదు. గోడలో ఉన్న చిన్న తలుపు తోసుకుని నేరుగా మందిరంలోకి వెళ్ళాడు.

పాస్టరుని చూడగానే పాట ఇంకా హెచ్చింది. ముందు వరసలో ఖాళీ కుర్చీ మీద ఎవరో తెల్లటి గుడ్డ పరిచారు. దాని చుట్టూ కొత్త ముఖాలు. ఊతకర్రలు, కట్లు, ఎవరో ఎత్తుకొచ్చి దింపిన ముసలాయన. అందరూ అతని వెనక తలుపు వైపు ఆశగా చూస్తున్నారు. అతను ఎవరి వైపూ చూడకుండా ప్రసంగ బల్ల దాటి గోడ దగ్గరికి వెళ్ళాడు. చెయ్యెత్తి బెల్టు అందుకున్నాడు.

మేకు బిగువుగా ఉంది. పెద్దాయన గట్టిగానే కొట్టాడు. లాగితే పెచ్చుతో సహా ఊడొచ్చింది.

పాట ఒక్కొక్క గొంతుగా తగ్గిపోయింది.

“ఏంటండీ అది?” పెద్దాయన దగ్గరికొచ్చి, ఆయన లెక్కలో గుసగుసగా అడిగాడు. మందిరమంతా వినిపించింది. “బెల్టెందుకు తీశారు?”

“మా అమ్మకి కావాలండీ.”

“అమ్మగారికి బాగైపోయింది కదా?”

పాస్టరు జనం వైపు తిరిగాడు. ఇంతకాలం వాళ్ళు వెళ్ళిపోతారనే భయంతోనే వాళ్ళ ముందు నిలబడ్డాడు. ఇప్పుడూ అదే భయం. కాకపోతే ఈసారి తల దించుకోలేదు.

“మా అమ్మకి తగ్గలేదు,” అన్నాడు. “పోయిన వారం కూడా తగ్గలేదు. నొప్పి భరించి నా కోసం నిలబడింది. ఇప్పుడు కాళ్ళు పడిపోయాయి. ఆస్పత్రికి తీసుకెళ్తున్నాం. తగ్గలేదని నాకు ఆ రోజే తెలుసు. ఆమె వెన్ను మీద చెయ్యి నాదే కదా. తెలిసి మీతో చప్పట్లు కొట్టించాను. తప్పు ఆవిడది కాదు, నాది.”

పెద్దాయన ముఖం నెత్తురు చుక్క లేకుండా పాలిపోయింది. “మైకు ఆపండయ్యా,” అన్నాడు ఎవరితోనో. మైకు ముందే ఆగి ఉంది.

వెనక వరసల్లో గొణుగుడు లేచింది. ఒకతను చాప మీంచి లేచి చెప్పుల కోసం బయటికి నడిచాడు. అతని వెనక ఇద్దరు. పాస్టరు వాళ్ళని చూస్తూ నిలబడ్డాడు. ఆశ్చర్యంగా, అది అంత బాధగా లేదు. ఇక వెళ్ళాలి, అమ్మకి బెల్టు బిగించాలి అనుకున్నాడు. తలుపు వైపు రెండడుగులు వేశాడు.

“అయ్యగారూ.”

ఎప్పుడూ చూడని ఆడమనిషి. ముందు వరస చివర్లో కూర్చున్నదల్లా లేచింది. నలిగిన చీర, చేతిలో గుడ్డసంచీ. ముఖంలో కోపం లేదు, ఏదో అర్థంకానట్టు చూస్తోంది.

“మీరు చెప్పింది నాకు సరిగ్గా తెలీలేదండీ. ఇస్త్రీ అమ్మకి తగ్గలేదా?”

“లేదమ్మా.”

“మరి మా ఆయన?” అంది ఆమె. “పోయిన శనివారం ఆయన ఈ మందిరంలోనే ఉన్నాడండీ. చక్కెర జబ్బు. రోజూ సూదిమందు పొడుచుకోవాలి. ఇస్త్రీ అమ్మ లేచి నిలబడటం కళ్ళారా చూశాడు. ఆవిడకి తగ్గినప్పుడు నాకు తగ్గదా, విశ్వాసం ఉండాలే గానీ అన్నాడు. ఆ రోజే సూదులన్నీ పారేశాడు.”

వాకిట్లో బావ హారన్ కొడుతున్నాడు. గోడ అవతల్నుంచి అక్క తమ్ముణ్ణి పిలుస్తోంది. పాస్టరు చేతిలో బెల్టు చువ్వలు అరచేతిలోకి గుచ్చుకుంటున్నాయి.

“ఇప్పుడెక్కడున్నాడమ్మా ఆయన?”

“ఇంట్లోనేనండీ. ఆయన సాక్ష్యం కూడా చెప్పిద్దామని పొద్దున్నే పిలిచాను. పలకలేదు. ఊపిరి మాత్రం గట్టిగా తీసుకుంటున్నాడు, నోరంతా ఎండిపోయి ఉంది,” అంది ఆ మనిషి. “వారమంతా పని చేసి అలిసిపోయాడు, విశ్రాంతి దినం కదా, నిద్రపోనీ అని లేపకుండా తలుపు దగ్గరగా వేసి వచ్చానండీ.”